కాంటాక్ట్ లేదన్న మనిషి

పోయినేడు, శ్రీకాళహస్తి. మందులకు లొంగని టీబీ వచ్చినవాళ్లతో దగ్గరగా మెలిగినవాళ్లను వెతికి, జబ్బు రాకముందే మాత్రలు మొదలుపెట్టించడం నర్సుగా నా పని. అలాంటివాళ్లను మా రిజిస్టర్‌లో ‘కాంటాక్ట్’ అంటాం.

మునిరత్నం కలంకారీ పనివాడు. అత్తతో మాటామాటా పెరిగి భార్య రేవతి ఏడాదిగా ఏర్పేడులో పుట్టింట్లో ఉంటోంది. ఆమెకు ఈ జబ్బు అక్కడే బయటపడింది. ఆమెను కలుస్తుంటావా అని నేను అడిగినప్పుడు మునిరత్నం వెనకాల వాళ్లమ్మ నిలబడి ఉంది.

“ఆయమ్మకూ మాకూ కాంటాక్టే లేదు మేడం,” అన్నాడు.

బుద్ధి లేనిదాన్ని, అలాగే రాసుకుని వచ్చేశాను.

రేవతి ఇంట్లో దండెం మీద ఓ తెల్లచీర ఉండేది. నేను పోయిన ప్రతిసారీ దాని అంచున కలంతో గీసిన చిలక ఒకటి ఎక్కువ కనిపించేది. మూడోసారి నిలదీశాను. మాస్క్ వెనక నవ్వింది, వెంటనే కళ్లనీళ్లు పెట్టుకుంది.

“ఆదివారం ఆదివారం వస్తాడక్కా. రావద్దంటే ఇనడు.”

తలుపులు మూసిన గదిలో పూటంతా ఆమె పక్కనే కూర్చుంటాడట. మర్నాడే అతన్ని పిలిపించి నాలుగు చీవాట్లు పెట్టాను. ఎక్స్‌రేలో, పరీక్షల్లో ఏమీ లేదని తేలాక లెవోఫ్లాక్సాసిన్ మొదలుపెట్టాం. జబ్బు రాకుండా ఆపడానికి రోజూ వేసుకోవాల్సిన మాత్ర అది, ఆరు నెలలు. ఇకమీదట ఆరుబయటే కూర్చోమన్నాను. అమ్మకు తెలుస్తుందేమోనని అతని బెంగ. నా నోరు పెద్దదే గానీ ఒకరి గుట్టు ఇంకొకరి చెవిన వేయదని చెప్పాను.

ఒక్క రోజు తప్పలేదు. ఆరు నెలలు నిండిన రోజు, అంత బుద్ధిమంతుడూ ఖాళీ మాత్రల అట్ట పట్టుకుని కదలడే.

“ఇంకో నెలకు ఇయ్యక్కా.”

“ఎందుకప్పా? అయిపోయింది గదా!”

“ఆమెకింకా ఉండాయి గదక్కా. పొద్దన్నే ఫోన్ పెట్టుకోని ఇద్దరం ఒగేసారి మింగుతాం. రేపట్నించీ ఆమె ఒక్కతే మింగల్ల.”

మాత్ర ఇవ్వకూడదు, ఇవ్వలేదు. గ్లాసుడు నీళ్లయినా ఆమెతోపాటే తాగమన్నాను. తల ఊపి వెళ్లిపోయాడు.

అప్పటినుంచి నేను ఎవరినీ ఇంట్లోవాళ్ల ముందర అడగను, కాంటాక్ట్ ఉందా అనీ అడగను. పక్కకు పిలిచి, “ఆమె మీదికి మనసు పోయినప్పుడు ఏం చేస్తావప్పా?” అంటాను. అప్పుడు నిజం చెబుతారు.