బానెట్ అవతల పానా చప్పుడు

దయ్యాల సంగతులు చెప్పేవాళ్లను ఎగతాళి చేసేవాణ్ని. నేను డీజిల్ మెకానిక్‌ని. చప్పుడు వస్తే దానికో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుందని నా నమ్మకం. ఈ ఒక్క విషయంలో వెతికాను, దొరకలేదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులవి. ఎల్.బి.నగర్ దాటి వనస్థలిపురం వైపు పోతుంటే మా అక్క భర్త యాదగిరి బావ లారీల షెడ్డు ఉండేది. నేను ఆయన దగ్గరే పని నేర్చుకుని, ఆయనతోనే ఉండిపోయాను.

ఇంజిన్ నడుస్తుంటే మాట వినపడదు. అందుకని బావ చాసిస్ మీద పానాతో కొట్టి చెప్పేవాడు. ఒక దెబ్బకు యాక్సిలరేటర్ తొక్కి రేజ్ పెంచాలి, రెండు దెబ్బలకు తగ్గించాలి, మూడు దెబ్బలకు బంద్ చేయాలి. క్యాబిన్‌లో కూర్చున్నవాడికి ఆయన మొహం కనపడాల్సిన పనిలేదు.

నర్సింహది నల్లగొండ దగ్గర ఊరు. గడ్డిఅన్నారం మార్కెట్‌కు బత్తాయి తెచ్చేవాడు. అతనిది ముందు మూతి ఉన్న పాత లారీ. ఎవరో దానికి వేరే బండి టర్బో బిగించి, పంపులో డీజిల్ పెంచి ఇచ్చారు. లోడుతో ఎత్తులు బాగా ఎక్కేది. యాక్సిలరేటర్ తొక్కకుండా ఐడిల్‌లో ఉంచితే మాత్రం నిలబడ్డ చోటే గజగజ వణికేది.

బావ ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి విన్నాడు. బాగున్న సిలిండర్‌కు డీజిల్ ఆపితే ఇంజిన్ చప్పుడు పడిపోవాలి. మూడోదానికి తేడా రాలేదు. ఆ ఇంజెక్టర్ కొసన డీజిల్ చిమ్మే నాజిల్ కారుతోందన్నాడు.

స్క్రూ తిప్పి ఐడిల్ కొంచెం పెంచితే వణుకు పోతుంది కదా అన్నాను.

"జరమొచ్చినోనికి దుప్పటి కప్పినట్టుంటది బామ్మర్దీ. వణుకుడు కనపడదు గానీ జరం పోతదా?" అన్నాడు.

నాజిల్ తేవడానికి దిల్‌సుఖ్‌నగర్ పోయాడు. అక్కడ రాస్తారోకో. పొద్దుగూకినా తిరిగి రాలేదు. మర్నాడు బంద్. రాత్రే ఊరికి పోయి, లోడు ఎత్తుకుని, తెల్లారకముందే మార్కెట్ చేరాలని నర్సింహ తొందర.

"ఏంది శీనూ, బండి ఈడనే ఉంటే నా కాయలు నడుసుకుంట ఒస్తయా?"

నేను స్క్రూ పెంచాను. వణుకు పోయింది. బావ చూసే పోయాడని, భయం లేదని చెప్పి పంపించాను.

అంత డీజిల్ పోసే ఇంజిన్‌లో కారే నాజిల్ ఊరుకోదు, పిస్టన్‌ను కాల్చేస్తుంది. లోడుతో తిరిగొచ్చేటప్పుడు చౌటుప్పల్ దగ్గర మూడో పిస్టన్‌కు బెజ్జం పడి బండి ఆగిపోయింది. బంద్ పొడిగించారు, నాలుగు రోజులు బండిని లాక్కొచ్చేవాడు లేడు. బత్తాయంతా లారీలోనే కుళ్లిపోయింది.

నర్సింహ అందరి ముందూ బావను నిలదీశాడు. "నువ్వు చూసినవంటనే తీస్కపోయిన యాదగిరన్నా! గిదేనా చూసుడు?"

బావ నా వైపు చూశాడు. నేను సామాన్ల డబ్బా మీదికి వంగాను.

"తప్పైంది నర్సింహా," అన్నాడు బావ. తర్వాత కూడా నన్నేమీ అడగలేదు.

షెడ్డుకు బండ్లు రావడం తగ్గిపోయింది. ఆ చలికాలం గుండెపోటుతో బావ పోయాడు. దానికీ దీనికీ సంబంధం ఉందని చెప్పలేను, లేదనీ చెప్పలేను. నాకు ఏడుపు రాలేదు. రోజూ షెడ్డు తెరిచాను, మూశాను.

కొన్నాళ్లకు ఇంకో బంద్ వచ్చింది. ముందురోజు నర్సింహ అదే లారీ తెచ్చి పెట్టాడు. ఇంజిన్ వేరేచోట కట్టించాడట. మళ్లీ అదే వణుకు. నన్ను చూడమని చెప్పి, బంద్ రోజున ఎల్.బి.నగర్ చౌరస్తాలో ధర్నాకు పోయాడు. మధ్యాహ్నం. చుట్టూ షట్టర్లన్నీ దించి ఉన్నాయి. హైవే మీద కూడా అలికిడి లేదు. గేటుకు లోపలి నుంచి గొళ్లెం పెట్టుకున్నాను.

నట్లు విప్పి చూసే మనసు లేదు. మళ్లీ స్క్రూనే పెంచి, క్యాబిన్ ఎక్కి రేజ్ ఇచ్చాను. బానెట్ లేచి ఉంది కాబట్టి ముందు ఏముందో కనపడదు.

చాసిస్ మీద పానాతో రెండు దెబ్బలు.

ఆలోచించలేదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాను. ఒక దెబ్బ వినపడితే పెంచాను. మళ్లీ రెండు వినపడితే తగ్గించాను. భయం కూడా వేయలేదు. మూడు దెబ్బలు విని ఇంజిన్ ఆపిన తర్వాత గానీ, షెడ్డులో నేను ఒక్కణ్నే ఉన్నానని తట్టలేదు.

దిగి చూశాను. ఎవరూ లేరు. గొళ్లెం పెట్టింది పెట్టినట్టే ఉంది. నేను పెంచిన స్క్రూ కిందికి దిగి ఉంది. స్క్రూ కదలకుండా పట్టే లాక్ నట్టును నేను బిగించలేదు, అదీ బిగించి ఉంది. మూడో పైపు నట్టు చుట్టూ తడి డీజిల్. ఆ నట్టును నేను ముట్టుకోలేదు. మళ్లీ స్టార్ట్ చేస్తే వణుకు లేదు.

పైపులో గాలి పట్టి ఉంటుంది, నట్టు వదులు చేస్తే బయటికి పోయి ఉంటుంది. వణుకు పోయినందుకు ఆ కారణం చెప్పగలను. నట్టు వదులు చేసి బిగించిన చేయి ఎవరిదంటే చెప్పలేను.

సాయంత్రం నర్సింహ వచ్చి ఇంజిన్ చప్పుడు విని, నా భుజం తట్టాడు. "మీ బావ ఖరాబ్ జేసిండు, నువ్వు బాగ జేసినవ్." నేను అప్పుడూ సామాన్ల డబ్బా మీదికే వంగాను.

మొన్న అక్కకు నేను తిప్పిన స్క్రూ సంగతీ, ఆ బంద్ నాటి సంగతీ చెప్పాను. పానా చప్పుడు గురించి ఆమె ఏమీ అడగలేదు.

"నర్సింహకు చెప్పినవా?" అంది.

లేదన్నాను.

"మరి నాకు చెప్తే ఏమొస్తదిరా?" అని లేచి లోపలికి పోయింది.

అందుకే రాస్తున్నాను. నర్సింహన్నా, మొదటిసారి నీ బండి స్క్రూ తిప్పింది మా బావ కాదు, నేను. రెండోసారి సరిచేసింది నేను కాదు. ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.