అందరూ పాసైన ఏడు

యలమందయ్యకి గవర్నమెంటు ఉద్యోగం రాలేదు. బీయెడ్ చేసి, డీయస్సీ రెండుసార్లు తప్పి, చివరికి సత్తెనపల్లిలో ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా కుదిరాడు. పదో తరగతి లెక్కల్లో, ఏ మాట నిజమో ఏది అబద్ధమో తేల్చే ప్రవచనాల పాఠం ఆయన చెబితేనే పిల్లలకి ఎక్కేది. పుస్తకంలో ఉదాహరణలు పక్కన పడేసి మిరప కల్లంలోకి దిగేవాడు.

"'వానొస్తే కాయలు తడుస్తాయి' అన్నామనుకోండి. వాన రాని రోజున ఆ మాట అబద్ధమైపోదు. 'కొన్ని కాయలు తాలువి' అంటే, తెల్లబోయిన కాయ ఒక్కటి చూపినా నిజమే. మరి 'కాయలన్నీ ఎర్రవే' అన్నాడొకడు. అబద్ధమని ఎలా తేలుస్తారు?"

"ఆ ఒక్క తాలు కాయే వాడి మొహాన పెడితే సరిపోద్దండీ," అంది వెనక బెంచీలోంచి జమీలా.

క్లాసంతా నవ్వింది. యలమందయ్య బోర్డు వైపు తిరిగి సంతోషం దాచుకున్నాడు.

జమీలా కూలి పీరు కూతురు. పత్తితీతలప్పుడు బడి మానేది. క్వార్టర్లీలో ఇంగ్లీషు, సైన్సు పోయాయి.

పబ్లిక్ పరీక్షకి పేర్లు పంపే వారం, స్కూలు పెట్టిన బుల్లయ్య గారు మాస్టార్ని పిలిచాడు. 'మా పిల్లలందరూ పాస్' అని ఊళ్ళో గోడలన్నిటి మీదా రాయించాలని ఆయన పట్టుదల.

"ఒక్క తాలు కాయ చాలని మీరే చెబుతారంట కదా మాస్టారూ! బస్తాకెత్తే ముందే ఏరెయ్యాలి. పీరు కూతురి పేరు పంపట్లేదు. మీరెళ్ళి వాళ్ళకి నచ్చజెప్పండి."

"లెక్కల్లో గట్టిదండీ. మార్చి దాకా టైముంది, మిగతావి నేను కూర్చోబెట్టి చెబుతా."

"సరే. ఆ పిల్ల తప్పితే మీరూ వెళ్ళిపోవాలి. ఒప్పుకుంటారా?"

ఆ షరతుకి యలమందయ్య ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడానికి ఆయనకి అట్టే సేపు పట్టలేదు కూడా.

సాయంత్రం జమీలా వాళ్ళింటికి వెళ్తే, పీరు ఆయనకి మంచం వాల్చాడు. ఈ ఏడు ఆగితే వచ్చే ఏడు ఫస్టుక్లాసు వస్తుందన్నాడు యలమందయ్య.

"మీరు చెప్పాక ఇంకేముందండీ. పత్తి అవగానే మిరపకోతలు. ఇంకో చెయ్యి పడితే మంచిదే."

జమీలా గడపలో నిలబడి ఉంది. "మీరు పాఠాలు చెబితే నేను పాసవనా మాస్టారూ?"

"అవుతావమ్మా."

"మరి?"

"పెద్దాయనతో ఏంటే ఆ వాదన? టీ పట్రా," అని పీరు కసిరాడు.

తెచ్చింది. చక్కెర చాలిందా అని పీరు అడిగితే, చాలిందన్నాడు యలమందయ్య.

మళ్ళీ ఏడు జమీలా బడికి రాలేదు. ఎందుకు రాలేదని ఆయన ఎవర్నీ అడగలేదు.