మూడో తీగ మీద ఏడో మెట్టు

మా బావ లిఫ్టులు బాగుచేస్తాడు. సాయంత్రాలూ సెలవురోజులూ రాక్ బ్యాండులో బేస్ గిటారు వాయిస్తాడు. బ్యాండువాళ్ళు ఆయన్ని ‘నిదానం’ అంటారు. నిదానమే ప్రధానమని పెద్దలు చెప్పింది ఈయన ఒక్కడికే అర్థమైనట్టుంది. డ్రమ్ము దెబ్బ పడ్డాక రెప్పపాటు ఆగి, అప్పుడు తీగ మీటుతాడు. అది తప్పు కాదు, ఆయన పద్ధతి. ఆ కాస్త ఆలస్యంతోనే పాటకు బరువొస్తుందని వాళ్ళ డ్రమ్మరే స్వయంగా నాతో అన్నాడు. ఆ మాట నేను మరచిపోను.

ఆయనకు గురువులు ఇద్దరు. మొదటిది గోడ. చిన్నప్పుడు పక్క వాటాలో ఎవరో రోజంతా రాక్ పాటలు పెట్టేవారట. గోడ దాటి వచ్చేది అడుగున మోగే బేస్ ఒక్కటే. పాటంటే అదేననుకున్నాడు. చాలా ఏళ్ళకు అదే పాట పూర్తిగా విని, పైన ఇంత గోల ఎందుకని విసుక్కున్నాడట. రెండో గురువు పరేడ్ బ్యాండులో పెద్ద బాకా ఊదే ముసలాయన. ఊపిరి కోసం ఆయన ఆగినట్టే బావ కూడా మధ్యమధ్య ఆగుతాడు. వేళ్ళకు ఊపిరెందుకు బావా అని ఏడిపిస్తే, “వినేవాడికి కావాలిరా” అనేవాడు.

ఇక వాయిద్యం. వేళ్ళు పొట్టివి కాబట్టి పొట్టి మెడ ఉన్న పాత గిటారు కొన్నాడు. నున్నటి తీగలు వేశాడు, పదకొండేళ్ళుగా మార్చలేదు. ఐదు తీగలది ఒకటి తెచ్చి నెల తిరక్కుండా అమ్మేశాడు. ఉన్న నాలుగింటికే సరిగ్గా పని చెప్పలేకపోతున్నానన్నాడు. ఆ పాతదానికి మూడో తీగ మీద ఏడో మెట్టు దగ్గర నొక్కితే గర్రుమంటుంది. ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసే మనిషి దాన్ని మాత్రం బాగుచేయించడు. ఆ స్వరం కావలసినప్పుడల్లా పక్క తీగ మీద రెండో మెట్టుకు పోతాడు. అక్కడా అదే స్వరం పలుకుతుంది. బ్యాండు మొదలైన ఇరవై రెండేళ్ళలో ఆయన వేలు ఆ ఏడో మెట్టు జోలికి పోలేదు.

ఆ ఇరవై రెండేళ్ళకు బ్యాండు మొదటి ఆల్బమ్ చేసింది. అప్పటిదాకా వాళ్ళ వాయింపు ఎక్కడా రికార్డు కాలేదు, కచేరీ అయ్యాక గాలిలో కలిసిపోయేది. తన వాయింపు ఒక్కచోటైనా మిగలాలని బావ ఆశ. పైకి అనడు గానీ నాకు తెలుసు. మూడు రోజులు పనికి సెలవు పెట్టి స్టూడియోలో వాయించాడు. ఏవైనా సవరణలుంటే కావాలి, గిటారు ఓ వారం ఇక్కడే ఉంచమన్నాడు డ్రమ్మరు. ఇంట్లోవాళ్ళనే ముట్టనివ్వని మనిషి, సరేనని ఉంచాడు.

ఆల్బమ్ వచ్చింది. అట్ట వెనక బావ పేరు అచ్చయింది. అక్క, బావ, నేను ముందుగదిలో కూర్చుని విన్నాం. రెండో పాటలో ఒకచోట చిన్నగా గర్రుమంది. బావ మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ అక్కడే గర్రుమంది. పక్కింటామెను పిలుచుకురావడానికి అక్క లేవగానే ఆయన నావైపు తిరిగాడు.

“ఇది నేను కాదురా.”

“నీ గిటారే కదా బావా?”

“గిటారు నాదే.”

అన్నీ ఆయన కట్టిన వరసలే, ఒక్క స్వరం పొల్లుపోలేదు. వాయించింది మాత్రం ఎవడో. ఆ ఎవడో ఏడో మెట్టు నొక్కాడు. ఒక్కచోటా ఆగలేదు. దెబ్బ పడీ పడకముందే తయారు, బస్సెక్కడానికి తోసుకొచ్చేవాడిలాగా.

మర్నాడు డ్రమ్మరు నడిపే టైర్ల కొట్టుకు వెళ్ళాం. నాకు ఒళ్ళు మండిపోతోంది. బావ స్టూలు మీద కూర్చుని మెల్లగా అడిగాడు.

“ఎవరు వాయించారు?”

డ్రమ్మరు చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

“స్టూడియోవాడు ఎవరినో పిలిపించాడు. నువ్వు వెనకబడుతున్నావన్నాడు.”

“నువ్వేమన్నావు?”

“నాకూ ఎప్పట్నించో అలాగే అనిపిస్తోందన్నాను.”

“నేను వాయించింది ఉందా?”

“లేదు. చెరిపేశారు. కానీ నీ పేరే వేశాం కదరా.”

“పేరు తీసేసి, వాయించింది ఉంచాల్సింది,” అన్నాడు బావ.

నమ్మించి గొంతు కోశావు, నువ్వూ ఒక స్నేహితుడివేనా అని నేను లేచాను. ఇంకా చాలా అనేవాణ్ణి. బావ నా భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. దారి పొడుగునా నేనే తిట్టుకుంటూ వచ్చాను, ఆయన వింటూ వచ్చాడు.

ఇంటికొచ్చేసరికి అక్క పక్కింటామెకు మళ్ళీ ఆ పాటే వినిపిస్తోంది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. బావ కళ్ళతోనే వద్దన్నాడు.

“మీకెప్పుడూ చెప్పలేదు గానీ,” అంది అక్క ఆయనతో, “ఇన్నేళ్ళూ అంత మోతలో మీరు వాయించేది ఏదో నాకు తెలిసేదే కాదు. బాధపడతారని ఊరుకున్నాను. ఇందులో ఎంత బాగా తెలుస్తోందో. ఇప్పుడే మిమ్మల్ని మొదటిసారి విన్నట్టుంది.”

ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

“నచ్చిందా?” అన్నాడు బావ. ఆమె తలూపింది. ఆయన ఆమె పక్కన కూర్చుని ఆ పాట చివరిదాకా విన్నాడు.