ఖైతాన్‌కి అర నిమిషం ముందు ఫహాహీల్

ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు ఇరవై నిమిషాల ముందు ఖైతాన్‌లో మా ఇంటి మెట్లు దిగాను. ఒక చేతిలో సంగటి ముద్దలూ ఊరిబిండీ సర్దిన క్యారియరు, ఇంకో చేతిలో ఫోను. ఎవరైనా అడిగితే అమెరికా ఫుట్‌బాల్ ఆట చూడటానికి ఫహాహీల్ పోతున్నానని చెప్పేదాన్ని. అది అబద్ధం కాదు. కానీ అసలు కారణం, మా ఆయన మూడు వారాలుగా అరవడం మానేశాడు.

ఇది వివరంగా చెప్పాలి. మాది రాయచోటి పక్క పల్లె. మా ఆయన ఫహాహీల్‌లో నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు, నేను ఖైతాన్‌లో ఒకరింట్లో వంట చేస్తాను. ఇద్దరం కలిసి వచ్చాం, కలిసే తిరిగి పోవాలని మాట. ఇంత చిన్న అరబ్బు దేశంలో ఉండి కూడా నెలకు ఒకటి, మహా అయితే రెండు శుక్రవారాలు కలుసుకుంటాం. మిగతా రోజుల్లో మమ్మల్ని కలిపేది ఈ ఆటే.

మొదట్లో ఇద్దరికీ ఒకే ఇంట్లో పని. ఆ ఇంటి కొడుకు అమెరికాలో చదివి వచ్చి, మగవాళ్ళు కూర్చునే దివానియాలో ఎప్పుడూ ఈ ఆట పెట్టేవాడు. మా ఆయన లోపల అందరికీ టీ పోసేవాడు. నేను ట్రే గుమ్మం దాకా తెచ్చి, అక్కడే ఆగి చూసేదాన్ని. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. జట్ల పేర్లు చదవలేక రంగులతో గుర్తుపెట్టుకున్నాను. ఇప్పటికీ నాకు అవి రంగులే. మాది నీలం జట్టు. చొక్కాల మీది అంకెలతో మొదలైన నా చదువు, నలభై దాటాక తెలుగు, ఇంగ్లీషు అక్షరాల దాకా వచ్చింది. పక్క ఫ్లాటులో పనిచేసే పిల్ల నేర్పింది. అప్పటినుంచి దారిలో ఏ బోర్డు కనిపించినా చదవకుండా వదలను.

ఆ ఇల్లు అమ్మేశాక చెరో కఫీల్ కిందికి, అంటే వీసా ఇచ్చే చెరో యజమాని కిందికి మారాం. ఆయన గదిలో టీవీ ఉంది, నాకు ఫోనే గతి. ఆట ఉన్న రోజు ఎదురుగా బొమ్మ, చెవిలో ఆయన గొంతు. అయితే నా ఫోనులో బొమ్మ ఆయన టీవీకి అర నిమిషం వెనక నడుస్తుంది. నా దగ్గర బంతి ఇంకా గడ్డి మీదే ఉంటుంది, చెవిలో ఆయన "హోయ్!" అని కేక పెడతాడు. నాలుక చప్పరించాడంటే బంతి పోయినట్టు. మొదట్లో తిట్టేదాన్ని. తర్వాత అలవాటైంది. బొమ్మ రాకముందే ఆయన గొంతులో ఆట చూసేదాన్ని.

మూడు వారాలుగా ఆ గొంతు లేదు. "ఉండావా?" అంటే "ఉండా" అంటాడు. నీలం జట్టు గెలిచినా అంతే, ఓడినా అంతే. ఏదో ఉంది. ఫోనులో అడిగితే చెప్పే మనిషి కాదు. మొహం చూడాలి.

ఎక్కువ ఆటలు మాకు రాత్రిపూట వస్తాయి. అమెరికా జట్లు ఏటా లండన్‌కి వచ్చి ఆడేవి మాత్రం సాయంత్రం నాలుగున్నరకు మొదలవుతాయి. శుక్రవారం ఇంట్లో విందు ఉందని మా మామా, అంటే మా ఇంటి యజమానురాలు, నా సెలవు ఆదివారానికి మార్చింది. "ఎనిమిదికి ఇంట్లో ఉండాలి, ఖలాస్" అంది. ఇంతకంటే మంచి అదను రాదనుకున్నాను.

ఖైతాన్ నుంచి నేరుగా పోయే దారులున్నాయేమో నాకు తెలియదు. నేను తెలిసిన దారినే పోతాను. మాలియాకి ఒక బస్సు, అక్కడినుంచి సముద్రం పక్కగా ఫహాహీల్‌కి ఇంకొకటి. మొదటి బస్సు కోసం ఎండలో ఇరవై నిమిషాలు నిలబడ్డాను. మూడు బస్సులు వేరే వైపు పోయాయి. ఎక్కాక కూడా కూర్చోబుద్ధి కాలేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా లేచి ముందుకు చూడటం, మళ్ళీ కూలబడటం. మాలియాలో దిగేసరికి మూడు కావస్తోంది. ఫహాహీల్ బస్సు కదలబోతుంటే పరిగెత్తి ఎక్కాను. టికెట్టు మూడు వందల ఫిల్సు. ఈ దారిన పోయేవాళ్ళు ఎడమవైపు కూర్చోండి, సముద్రం కనిపిస్తుంది. నాకు అక్కడే సీటు దొరికింది కానీ నేను చూసింది గడియారమే.

పక్కన ఒకామె కూర్చుంది. ముప్పై ఏళ్ళుంటాయి, మంగాఫ్‌లో బ్యూటీ పార్లరులో పనట.

"ఏంటండీ, కూర్చున్న దగ్గర్నించీ గడియారవే చూస్తన్నారు? ఫ్లైటేవన్నా ఉందా?"

మాట వినగానే గోదావరి వైపు మనిషని తెలిసింది.

"ఫ్లైటు లేదు తల్లీ. ఆట ఉంది. అమెరికా ఫుట్‌బాలు."

"ఆయ్! మా ఆయనకి కోడిపందెం పిచ్చండి. ఆడోళ్ళకి కూడా ఉంటాదనుకోలేదు ఇలాంటిది," అని పకపకా నవ్వింది. "ఎలా ఆడతారేటండీ అది? సెప్పండి, మంగాఫ్ దాకా పొద్దుపోద్ది."

చెప్పాను. బంతి ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు. నాలుగింటిలోపు పది గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్ళీ కొత్తగా నాలుగు. మూడు అయిపోయి ఇంకా దూరం మిగిలితే, నాలుగోసారి ధైర్యం చేసి పరిగెత్తవచ్చు. అందకపోతే బంతి అక్కడికక్కడే ఎదుటివాళ్ళకు పోతుంది. అందుకని చాలామంది పరిగెత్తరు. బంతిని దూరంగా తన్నేసి, తమ చేతులతో తామే ఎదుటివాళ్ళకు ఇచ్చేస్తారు.

"మరదే మంచిది కదండీ? పోయేదేదో దూరంగా పోద్ది."

ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. అందరూ ఇదే అంటారు, టీవీలో కోట్లు కట్టుకున్న పెద్దమనుషులతో సహా. నా లెక్క వేరు. పదడుగులు మిగిలితే తన్నండి, కాదనను. గజం మిగిలినప్పుడు తన్నేవాడు ఆటగాడు కాడు. ముందు వరుసలో ఒక్కొక్కడూ పొట్టేలులాంటి మనిషి, అయిదుగురు నిలబడి ఉంటారు. వాళ్ళను నమ్మి ఒక్క గజం నెట్టించలేనివాడు వాళ్ళకు అన్నం పెట్టి ఎందుకు పోషించడం? ఆటలో నాకు అందరికంటే ఇష్టం ఆ అయిదుగురే. వాళ్ళు బంతి పట్టుకుని పరిగెత్తరు. పొగిడేటప్పుడు ఎవరూ వాళ్ళ ఊసెత్తరు. తప్పు చేసినప్పుడు మాత్రం చారల చొక్కా వేసుకున్న పెద్దమనిషి మైకులో నంబరు చదువుతాడు. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంకొకటి కూడా ఆమెకు చెప్పాను. పది గజాలు అయ్యాయో లేదో తేలనప్పుడు ఇద్దరు మనుషులు గొలుసు పట్టుకుని మైదానంలోకి వచ్చేవాళ్ళు. లాగి పరిచి కొలిచేవాళ్ళు. వేలమంది ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు. మా ఊళ్ళో సర్వేకు వచ్చి గట్టు మీద గొలుసు పరిచినప్పుడు అన్నదమ్ములు నిలబడినట్టే. ఇప్పుడు కెమెరాలతో కొలుస్తున్నారు. గీత పడుతుంది, తేలిపోతుంది. కళ్ళెదుట కొలిచిందాన్ని ఓడినవాడు కూడా ఒప్పుకుంటాడు. గాల్లో కొలిచిందాన్ని ఎట్లా ఒప్పుకోవాలి?

"మీరు గానీ మగోళ్ళయి పుడితే అక్కడ కోచ్ అయిపోదురండి పిన్నిగారూ," అంది ఆమె దిగుతూ. "మీ నీలం జట్టు గెలవాలని మా అయినవిల్లి గణపతికి దణ్ణం పెడతాలెండి."

అంతకుముందే మెహబూలా దగ్గర ట్రాఫిక్కులో చిక్కి పావుగంట పోయింది. అయినా నాలుగుంబావుకి ఫహాహీల్‌లో దిగాను. మా ఆయన స్టాపులోనే ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. నా చేతిలో క్యారియరు తీసుకుని ముందు నడిచాడు. కుడికాలు ఈడుస్తున్నాడు.

"మోకాలు ఎట్లుండాది?"

"ఉండాది."

"బండి ఏదీ? ఆదివారం పని లేదా?"

"వర్క్‌షాపులో ఉండాది మే. దా, ఆట మొదలైతాది."

చేపల మార్కెట్టు వెనక సందులో, రెండో అంతస్తులో ఆయన గది. మూడు మంచాలు, ఒక టీవీ. కిటికీ పక్క మంచం ఆయనది. గదిలో ఉండే మిగతా ఇద్దరూ పనికి పోయారు. దివానియా గుమ్మం నాటినుంచి ఇన్నేళ్ళుగా ఒకే ఆటకు పిచ్చివాళ్ళమై ఉండి, ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూడటం ఇదే మొదలు. ఆయన చూసేదీ నేను చూసేదీ ఒకే క్షణంలో. అది నాకు వింతగా ఉంది. చెవి ఆయన కేక కోసం ఎదురుచూస్తోంది, కన్ను అప్పటికే అంతా చూసేస్తోంది.

కాసేపటికే నీలం జట్టు బంతిని చివరి గీత దాటించింది. నేను మంచం మీంచి లేచి చప్పట్లు కొట్టాను. ఆయన టీవీ వైపే చూస్తున్నాడు కానీ కళ్ళు అక్కడ లేవు. సంగటి ముద్ద చేతిలోనే ఉంది. ఆ తర్వాత నేను ఆట తక్కువ, ఆయన్ని ఎక్కువ చూశాను.

మధ్యలో ఆట ఆపి విరామం ఇచ్చినప్పుడు తలుపు తోసుకుని చిన్నప్ప వచ్చాడు. అదే గదిలో ఉంటాడు, వీరబల్లి వాడు.

"ఏం వదినా, ఎప్పుడొస్తివి? ఊరిబిండి వాసన కింద మెట్లకాడికి కొడతాండాది."

"తిను నాయనా, కూచో."

రెండు ముద్దలు తిన్నాడు. చెయ్యి కడుక్కుని కిటికీ పక్క మంచం మీద రెండు చేతులూ ఆనించి ఊపి చూశాడు.

"అన్నా, ముందే చెప్తాండా. నువ్వు పొయ్యినాక ఈ మంచం నాది. ఆ బంగాళీవోనికి మాటియ్యొద్దు."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన నేల వైపు చూశాడు. చిన్నప్పకు విషయం అర్థమై, పైన బట్టలు ఆరేసినానంటూ బయటికి పోయాడు.

"యాడికి పొయ్యేది?" అన్నాను.

టీవీలో రెండో సగం మొదలైంది.

"ఈడ ఉండేదానికి ఇఖామా కాగితం మళ్ళా చెయ్యరంట మే. మోకాలు చూసి కఫీలు వద్దనె. మూడు వారాలాయె. బండి వేరేవోనికి ఇచ్చినారు. ఈ నెలాఖరుకు టికెట్టు."

"మూడు వారాలు నాతో ఫోన్లో ఉండి చెప్పవా?"

"చెప్పి ఏం చేస్తాం? నీకు ఇంకా ఏడాదిన్నర ఉండాది. మీ మామా ఇప్పుడు నిన్ను పంపదు. ఈ నెల ఆటలన్నీ అయిపోయినాక చెప్దామనుకొంటి. అందాకన్నా నువ్వు నెమ్మదిగా ఉంటావని."

"నెమ్మదిగా ఉన్నానా? నీ గొంతు లేక పిచ్చెక్కి వచ్చినా ఈడికి!" అని అరిచాను. "నువ్వూ బంతి తన్నించే కోచ్ మాదిరే తన్నేసినావు గదయ్యా. ఇంకొక కఫీలును అడిగితివా? కూచోని చేసే పనేదన్నా వెతికితివా?"

"అడిగినా. నాలుగు చోట్ల అడిగినా." మోకాలి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "తన్నేటోనికి మాత్రం ఇష్టముంటాదా మే? కాలు లేనోడు ఏం పరిగెత్తల్ల?"

ఇన్నేళ్ళుగా తన్నేవాళ్ళను తిట్టాను. వాళ్ళలో ఎవరికి మోకాలు పోయిందో ఎప్పుడూ ఆలోచించలేదు. అలాగని నా అభిప్రాయం మారిందని కూడా చెప్పలేను. గజం గజమే. నాకు చెప్పకపోవడం మాత్రం ఎటు కొలిచినా తప్పే. ఆ మాటే అన్నాను.

"ఇంకమీదట నువ్వు ముందు చూసింది ఏదైనా సరే, చూసిన వెంటనే చెప్పల్ల. మంచైనా, చెడైనా. దాచినావంటే ఊరికి నేను ఫోనే చెయ్యను."

"అట్లే మే," అన్నాడు. ఆ రోజు నా మొహం చూసి మాట్లాడటం అదే మొదటిసారి.

ఏడు గంటలకు లేవక తప్పలేదు. చివరి భాగం అప్పుడే మొదలైంది, ఆట రెండు వైపులా సమానంగా ఉంది. బస్సులో పోతే ఎనిమిదికి అందుకోలేను. మార్కెట్టు దగ్గర మనిషికి ఒక దీనారు తీసుకుని ఖైతాన్, ఫర్వానియా వైపు పోయే కార్లు ఉంటాయి. నలుగురు నిండితే కదులుతాయి. తొందర ఉన్నవాళ్ళకు తిరుగు ప్రయాణానికి ఇదే మేలు, సముద్రం మాత్రం కనిపించదు. మా ఆయన కారు తలుపు వేసి, కిటికీలోంచి ఖాళీ క్యారియరు నా ఒళ్ళో పెట్టాడు. "గదికి పొయ్యి ఫోన్ చేస్తా" అన్నాడు. కుంటుకుంటూ వీలైనంత వేగంగా సందులోకి పోయాడు.

కారు హైవే ఎక్కేసరికి ఫోన్ వచ్చింది. బొమ్మ పెట్టుకున్నాను. చెవిలో ఆయన రొప్పు, మెట్లెక్కి వచ్చినట్టున్నాడు. ఒక రోజులో తిరిగి రాగలిగిన ప్రయాణమే ఇది. పోయేటప్పుడు గాని వచ్చేటప్పుడు గాని ఒక్క నిమిషం స్థిమితంగా కూర్చోలేదు. కానీ పోయిన పని అయింది. నాకు కావలసింది తెలుసుకున్నాను, తెలుసుకున్నది నాకు కావలసింది కాదు, అంతే.

"హోయ్!" అన్నాడు హఠాత్తుగా. నా పక్కన కూర్చున్న పాకిస్తానీ ముసలాయన కూడా ఆ కేక విని తిరిగి చూశాడు.

అర నిమిషానికి నా ఫోనులో నీలం చొక్కా ఒకటి బంతితో నడిమైదానం దాకా ఉరికింది.

ఆట ముగియడానికి ఇంకా నాలుగు నిమిషాలుంది. ఖైతాన్ బోర్డు కనిపిస్తోంది. "మూడు అయిపాయె మే," అన్నాడు ఆయన. "గజం తక్కువ. నాలుగోది."

"పరుగెత్తుతారా?"

చెవిలో ఆయన టీవీ హోరు. ఎదురుచూశాను.

"తన్నేసినారు మే," అన్నాడు. దాచలేదు.

"సరేలే," అన్నాను.

నా ఫోనులో మాత్రం నీలం చొక్కాలవాళ్ళు ఇంకా భుజాలు కలిపి గుండ్రంగా నిలబడి మాట్లాడుకుంటున్నారు. బంతి ఇంకా వాళ్ళదే.