జపాన్ కోటు లోపల పసుపు

దయ్యాల సంగతి ఎవరైనా మొదలుపెడితే, అప్పుడు లైటు వెలుగుతోందా, పక్కన ఇంకెవరున్నారు అని అడిగి వాళ్ళ సరదా చెడగొట్టే రకాన్ని నేను. అమెరికాలో, బెంటన్‌విల్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇతరుల పనిలో తప్పులు వెతకడమే నా ఉద్యోగం. ఆ బుద్ధి ఇంట్లో కూడా పోదని మా ఆయన విసుక్కుంటాడు. దయ్యాల్ని అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

నాకున్న ఒకే ఒక్క పిచ్చి జపాన్ పాత బట్టలు. అక్కడివాళ్ళు వాడి అమ్మిన కోట్లు, జాకెట్లు ఆన్‌లైన్‌లో కొంటుంటాను. కొనాలనుకునేవాళ్ళకి నాలుగు ముక్కలు చెబుతాను. సైజు అక్షరాన్ని నమ్మకండి, వాళ్ళ ఎల్ మనకి ఎమ్ కూడా కాదు. బట్టని పరిచి కొలిచిన భుజం, ఛాతీ, చేతుల కొలతలు పక్కన రాస్తారు. మీకు సరిగ్గా కుదిరిన కోటుని అలాగే పరిచి కొలిచి, పోల్చుకోండి. ఇంట్లో పొగ తాగేవాళ్ళున్నారో, పిల్లి ఉందో కూడా చాలామంది నిజాయితీగా రాస్తారు. అది చదవండి. కాలర్ లోపలి ఫొటో, చంకల ఫొటో మొహమాటపడకుండా అడగండి.

చాలామంది అమెరికాకి నేరుగా పంపరు. మధ్యలో ఒక కంపెనీ మన తరఫున కొని, తన గోడౌన్‌లో విప్పి ఫొటోలు తీసి, మళ్ళీ ప్యాక్ చేసి పంపుతుంది. ఆ ఫొటోలు దాచుకోండి. అన్నిటికంటే ముఖ్యం, ఇక్కడ పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి.

ఆ చివరి పని నేను ఒకే ఒక్కసారి మానేశాను.

అప్పుడు మా అత్తయ్య మా దగ్గర ఉన్నారు. తెనాలి నుంచి ఆరు నెలలు ఉందామని వచ్చారు. మంచి మనిషి, కానీ నా జపాన్ బట్టలంటే ఆవిడకి గిట్టేది కాదు. "ఎవరు విడిచినవో ఏమో! ఉన్నారో, పోయారో. మనకేం ఖర్మమ్మా?" అనేవారు. ఉతికేదాకా వాటిని గరాజ్ దాటి లోపలికి రానిచ్చేవారు కాదు. కొత్త బట్టల విషయంలోనూ అంతే పట్టింపు. మూలన కాస్త పసుపు పెట్టకుండా ఎవర్నీ వేసుకోనిచ్చేవారు కాదు. నా ఆఫీసు చొక్కాలన్నిటికీ లోపల ఆవిడ వేలిముద్ర ఉంటుంది.

ఒక శనివారం మధ్యాహ్నం నీలిరంగు నూలు జాకెట్ వచ్చింది. నేను సరుకులకి కాస్ట్‌కోకి వెళ్ళి ఉన్నాను. అత్తయ్య పెట్టె అందుకుని గరాజ్‌లో పెట్టారు. తిరిగి రాగానే, ఆత్రంలో ఫోన్ కూడా తీయకుండా విప్పేశాను. కాలర్ లోపల ఒకటి, కింది అంచు రెండు మూలల్లో రెండు, మొత్తం మూడు పసుపు బొట్లు.

అమ్మినావిడ పంపిన ఫొటోల్లో అవి లేవు. గోడౌన్ ఫొటోల్లోనూ లేవు. పెద్దవి చేసి మరీ చూశాను. ఇంకేదో మరకేమోనని తడిపి సబ్బు రాశాను. ఎర్రబడింది. పసుపు మరక మీద సబ్బు పడితే ఏమవుతుందో మన ఇళ్ళల్లో ఎవరికి తెలియదు?

నా అనుమానం ఎవరి మీదికి పోయిందో చెప్పనక్కర్లేదు. నేను లేనప్పుడు పెట్టె విప్పి, పసుపు పెట్టి, మళ్ళీ టేపు వేశారనుకున్నాను. ఆ టేపు ఎలా ఉందో నేను చూడలేదు. అయినా అడిగేశాను.

"నేనెందుకు ముట్టుకుంటానమ్మా అవి? నా మనవరాలి మీద ఒట్టు" అన్నారు, మా పాప తల మీద చెయ్యి పెట్టి.

అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. "ఇంట్లో పసుపు డబ్బా తీసేది మీరొక్కరే కదా అత్తయ్యా" అన్నాను, మా ఆయన ముందే. ఆవిడ లేచి తన గదిలోకి వెళ్ళిపోయారు. మూడో రోజుకల్లా సూట్‌కేసు సర్దుకుని, టెక్సస్‌లో, ప్లేనోలో ఉన్న కూతురి దగ్గర దింపమని కొడుకుని అడిగారు. దింపి వచ్చాక మా ఆయన నాతో పొడిపొడిగానే మాట్లాడేవాడు. పైకి ఒప్పుకోలేదు గాని, లోపల నాకు పీకుతూనే ఉంది. అయినా నేనే కరెక్ట్ అనుకున్నాను.

నెల తర్వాత ఇంకో కోటు తెప్పించాను. బూడిదరంగు ఉన్నిది. వేరే ఊరు, వేరే అమ్మకందారు. ఈసారి నా మీద నాకే పంతం. గోడౌన్‌వాళ్ళని కాలర్ లోపల, అంచుల దగ్గర విడిగా ఫొటోలు అడిగాను. శుభ్రంగా ఉంది. ఇంటికి కాకుండా పికప్ సెంటర్‌కి తెప్పించి, నేనే తీసుకుని నేరుగా ఆఫీసుకి వెళ్ళాను. మధ్యాహ్నం లంచ్ టైమ్‌లో బ్రేక్ రూమ్‌లో బల్ల మీద పెట్టాను. నా టీమ్‌లో పనిచేసే రజిత వీడియో తీసింది. వరంగల్ అమ్మాయి, నాకంటే మొండిది. టేపు నాలుగు వైపులా చూపించాం. ఎక్కడా చిరగలేదు, రెండోసారి అతికించిన గుర్తు లేదు.

విప్పాను. కాలర్ లోపల ఒకటి. అంచు మూలల్లో రెండు.

రజిత కాలర్ ముట్టుకుని వేలు చూసుకుంది. "గిదేంది సుధా, ఇంకా తడి తడిగనే ఉన్నది" అంది. వీడియోలో ఆ మాట ఉంది, పచ్చగా మారిన దాని వేలు కూడా ఉంది. పెట్టె జపాన్‌లో బయలుదేరి అప్పటికి తొమ్మిది రోజులు.

గోడౌన్ కంపెనీకి రాశాను. మీ దగ్గర ఇండియన్స్ ఎవరైనా ప్యాకింగ్ చేస్తారా అని కూడా అడిగాను. లేరు, ప్యాకింగ్ చేసేవాళ్ళందరూ గ్లవ్స్ వేసుకుంటారు అని మర్యాదగా జవాబిచ్చి, అసౌకర్యానికి క్షమాపణ చెప్పారు. రజితే ఏమైనా చేసిందా అని కూడా అనుమానించాను, సిగ్గులేకుండా. కానీ నా చెయ్యి దాటి ఆ పెట్టె ఎక్కడికీ పోలేదు.

ఆ రోజే కారులో కూర్చుని ప్లేనోకి ఫోన్ చేశాను. రెండో కోటు సంగతంతా చెప్పి, మొదటిదీ మీరు చేసింది కాదని తెలిసింది అత్తయ్యా, తప్పయిపోయింది, వచ్చేయండి అన్నాను. వీడియో ఉంది, పంపిస్తాను చూడండి అని కూడా అన్నాను.

ఆవిడ కోప్పడతారేమో అనుకున్నాను. కోపం లేదు.

"వద్దులేమ్మా, నేనేం చూస్తాను. మనవరాలి మీద ఒట్టేసి చెబితే నమ్మలేదు. ఇప్పుడు ఫోన్ చెప్పిందని నమ్ముతున్నావు" అన్నారు. తర్వాత పాప అన్నం తిందా అని అడిగి పెట్టేశారు.

మిగిలిన నెలలన్నీ ప్లేనోలోనే ఉండి, అక్కడి నుంచే ఇండియా విమానం ఎక్కేశారు. మళ్ళీ రమ్మంటే మోకాళ్ళ నొప్పులంటారు.

ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. తడి పసుపు అందులోకి ఎలా వచ్చిందో, ఎవరు పెట్టారో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. అత్తయ్య పెట్టలేదని మాత్రం తెలుసు. అది తెలుసుకోవడానికి నాకు రెండో కోటు కావలసి వచ్చింది.