గ్రహ భాషలో అయిదు పేర్లు

దయ్యం వీపు మీద జిప్పు కనబడే సినిమాలకు పదకొండేళ్ళుగా సబ్‌టైటిల్స్ రాస్తున్నాను. రక్తమంటే రంగు నీళ్ళనీ, కేకంటే మైకు ముందు గొంతు చించుకోవడమనీ తెలిసిన మనిషికి భయం ఎక్కడి నుంచి వస్తుంది? నాకు రాలేదు. ఇంట్లో ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే మధ్యలో లేచి వెళ్ళిపోయే రకం నేను. ఇప్పుడు నేనే ఒకటి చెప్పాల్సి రావడం నాకే సిగ్గుగా ఉంది.

నేను పని చేసేది విశాఖలో ఓ చిన్న సంస్థలో. మూలన పడ్డ పాత సినిమాల రీళ్ళు సంపాదించి, శుభ్రం చేసి, బ్లూరే డిస్కులుగా విడుదల చేస్తాం. కొనేవాళ్ళు కొద్దిమందే కానీ వీరాభిమానులు. వాళ్ళలో చాలామంది విదేశాల్లో ఉంటారు కాబట్టి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ తప్పనిసరి. అది నా పని.

నిరుడు మా చేతికి ఎనభైల మొదట్లో అరకు కొండల్లో తీసిన సినిమా ఒకటి వచ్చింది. ఆకాశం నుంచి ఏదో పడుతుంది, అందులోంచి దిగిన జీవులు మనుషుల నెత్తురు తాగుతాయి. గ్రహాంతర నౌక అంటే తిరగేసిన సత్తు గంగాళం. జీవుల ఒంటికి సిగరెట్టు పెట్టెల్లో వచ్చే వెండి కాగితం. వారం కూడా సరిగ్గా ఆడలేదట. సినిమా పేరు రాయను. వెతుక్కుని మరీ చూసేవాళ్ళుంటారు, అది నాకిష్టం లేదు.

అందులో ఆ గ్రహం రాణి నలభై సెకన్లు మాట్లాడుతుంది. నెత్తిన సత్తు మూత, మొహానికి వెండి రంగు. సెన్సారుకిచ్చిన డైలాగుల కాగితాల్లో ఆ చోట ‘గ్రహ భాష’ అని మాత్రమే ఉంది. మా ఓనరు నన్నూ అదే రాసి పంపెయ్యమన్నాడు. పంపేసి ఉంటే ఎంత బాగుండేది!

కానీ నాకు పంతం. అది అర్థంలేని గోల కాదని చెవికి తెలుస్తోంది. ఒకే మాట మళ్ళీ మళ్ళీ వస్తోంది, దాని ముందు ప్రతిసారీ వేరే మాట. ఆ సినిమాకి కెమెరా అసిస్టెంటుగా చేసిన పెద్దాయన విశాఖలోనే ఉంటే వెళ్ళి అడిగాను. ఆయన తెగ నవ్వాడు. రాణి వేషం వేసినావిడ ముంచింగిపుట్టు అవతల ఓ ఊరి మనిషట, పేరు సుక్రి. షూటింగు వంటలకి కట్టెలు మోసుకొస్తే, మొహం బాగుందని నిలబెట్టి, మీ భాషలో నోటికొచ్చింది ఏదో ఒకటి అనమన్నారట. సినిమా మొత్తం మద్రాసులో డబ్బింగు చెప్పించారు గానీ, ఆ నలభై సెకన్లు మాత్రం ఎవరికీ నోరు తిరక్క, కొండ మీద టేపులో పట్టిన ఆవిడ గొంతే ఉంచేశారట.

ఏ ఊరి భాషో తెలిసింది కదా, వెళ్ళి అడిగితే పోలేదా అనుకున్నాను. ల్యాప్‌టాప్ పట్టుకుని బయలుదేరాను.

సుక్రి ఎప్పుడో పోయింది. ఆమె కూతురు గురుబారి ఉంది, నలభై అయిదు దాటిన మనిషి. కాఫీ తోట, ఆ చెట్ల నీడన మిరియాలు, కాస్త చోడి, అంటే రాగి పంట. భర్త ఎప్పుడో వదిలేసి వెళ్ళిపోయాడు. ఒక్కతే కూతురు దివ్య, ఇరవై ఏళ్ళది. దివ్యకి విశాఖలో నర్సింగు సీటొచ్చింది, సోమవారం చేరాలి. నేను వెళ్ళేసరికి ఆ పిల్ల అరుగు మీద కూర్చుని కొత్త బ్యాగులో బట్టలు సర్దుకుంటోంది.

సినిమా తీసినప్పుడు గురుబారికి మూడేళ్ళు. తల్లి పోయినప్పుడు అయిదేళ్ళు. తల్లి ఫొటో ఒక్కటీ లేదు. మిట్టమధ్యాహ్నం, అరుగు మీద, కాఫీ గింజలు ఎండబోసిన చాప పక్కన ల్యాప్‌టాప్ పెట్టి ఆ ముక్క వేశాను. గురుబారి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నెత్తిన మూత చూసి నవ్వింది, వెంటనే ఏడ్చింది. మూడుసార్లు వేయించుకుంది. మాటలు వినలేదు, మొహమే చూసింది. నాకు చాలా తృప్తిగా అనిపించింది, ఆ మాట దాచను.

నాలుగోసారి నేనే అడిగాను, ఏమంటోందో చెప్పమని.

వాళ్ళ ఇళ్ళలో ఒక ఆచారం ఉందట. బిడ్డ పుడితే నీళ్ళలో బియ్యపు గింజలు వదులుతూ, ఆ ఇంట్లో పోయినవాళ్ళ పేర్లు వరసగా పిలుస్తారు. ‘ఫలానా, వచ్చినావా?’ అని. ఏ పేరు దగ్గర గింజ నిలిస్తే ఆ పెద్దే బిడ్డగా తిరిగొచ్చినట్టు లెక్క. నోటికొచ్చింది అనమంటే సుక్రి ఆ పిలుపు అందుకుంది.

గురుబారి ఒక్కో పేరూ చెబుతుంటే నేను రాసుకున్నాను. సుక్రి, వచ్చినావా? సోమ్రా, వచ్చినావా? బుద్రా, వచ్చినావా? అక్కడికి గురుబారి గొంతు తగ్గింది. తరవాత చంపా. తరవాత దివ్య.

అరుగు మీద బట్టలు సర్దుతున్న పిల్ల తలెత్తి చూసింది.

గురుబారి ల్యాప్‌టాప్ మూత తనే మూసేసింది. "బతికున్నోల పేరు ఆ వరసలో అనరమ్మా. పోయినోలవే అంటారు" అంది.

ఆ పేర్లు ఎవరివో దివ్య చెప్పింది. సుక్రి సరే, గురుబారి తల్లే. సినిమా అయిన రెండేళ్ళకి జ్వరంతో పోయింది. సోమ్రా ఆమె భర్త, చెట్టు మీద నుంచి పడ్డాడు. బుద్రా వాళ్ళ పెద్దకొడుకు, గురుబారి అన్న, డొంకరాయిలో కూలి పనికెళ్ళి సీలేరు నదిలో పడి చనిపోయాడు. చంపా అతని భార్య, కిందటేడు జబ్బు చేసి పోయింది. ఏ వరసలో పిలిచిందో ఆ వరసలోనే పోయారు. గురుబారి పేరు అందులో లేదు. బుద్రా భార్య దాటాక ఏకంగా దివ్యే.

నేను వెంటనే వాదనకి దిగాను, నా స్వభావం అది. కొండల్లో పుట్టిన వారాన్ని బట్టి పేర్లు పెట్టుకుంటారు. శుక్రవారమైతే సుక్రి, సోమవారమైతే సోమ్రా, బుధవారమైతే బుద్రా. ఏ ఊళ్ళో చూసినా ఆ పేర్లే, వాళ్ళ పెద్దల్లోనూ ఉండి ఉంటారు అన్నాను. నా వాదన చంపా దగ్గరే ఆగిపోయింది. ఆవిడ ఒడిశా వైపు పిల్ల, సినిమా తీసిన పదేళ్ళకి ఈ ఇంటికి కోడలుగా వచ్చింది. ఇక దివ్య పేరు ఆసుపత్రిలో కాన్పు చేసిన నర్సమ్మ పెట్టింది. అంతకు ముందు ఆ ఇంటా వంటా లేదు.

మర్నాడు పొద్దున ముంచింగిపుట్టులో బస్సు కోసం నిలబడి ఉంటే దివ్య వెతుక్కుంటూ వచ్చింది. నిద్ర లేని మొహం.

"అమ్మ నా బ్యాగు ఖాళీ చేసేసింది ఆంటీ. కాలేజీ వద్దంట, బస్సెక్కొద్దంట. నీళ్ళకెల్తే కూడా ఎనకాలే వస్తంది. మీరు తెచ్చిందే కదా ఇది, మీరే తీసుకుపోండి" అంది.

ఆ మాట నన్ను కోసింది. ఒక ఆడపిల్ల చదువు నా సరదా పంతానికి పోతోంది. ఏం చెబితే ఆ తల్లి వింటుందో, దివ్యతో వెనక్కి ఊరికి వెళ్తూ దారంతా ఆలోచించాను, ఒక్కటే తోచింది.

గురుబారి దగ్గర కూర్చుని అబద్ధమాడాను. సినిమా అంతా మద్రాసులో డబ్బింగు చెప్పించారు, పెదవులు మీ అమ్మవి, గొంతు మీ అమ్మది కాదు, మీ భాష వచ్చిన ఎవరో నోటికొచ్చిన పేర్లు చదివారు అన్నాను. సగం నిజం కలిపితే అబద్ధం బాగా నిలబడుతుందని నాకు తెలుసు.

"అయితే మాయమ్మ గొంతు కాదేటి?" అంది.

కాదన్నాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ కాదన్నాను. నలభై ఏళ్ళ తరవాత ముందురోజు దొరికిన తల్లి గొంతుని నేనే లాగేసుకున్నాను. ఇంత నీచంగా ఎప్పుడూ అనిపించలేదు. ఆవిడ చాలాసేపు గింజలు కెలుకుతూ కూర్చుని, చివరికి లేచి దివ్య బట్టలు బ్యాగులో పెట్టింది. ఆదివారం ఆ బ్యాగు తనే మోసుకొచ్చి బస్సెక్కించిందట.

విశాఖ వచ్చాక నాకు చేతనైన పరీక్షలన్నీ చేశాను. రీలు సీలు వేసిన డబ్బాలోనే మా దగ్గరకొచ్చింది. శబ్దం ఫిల్ము అంచున బొమ్మతో పాటే ముద్ర పడి ఉంది, తరవాత ఎవరూ మార్చలేరు. గురుబారి వాళ్ళ కువి భాష వచ్చిన ఒక మాస్టారికి సంగతేమీ చెప్పకుండా వినిపించాను. ఆయనా అయిదు పేర్లే రాసిచ్చాడు, అదే వరసలో. సబ్‌టైటిల్‌లో ‘గ్రహ భాష’ అనే రాశాను. దీనికోసమా ఇన్నాళ్ళు తిరిగావు అని ఓనరు వెక్కిరించాడు. డిస్కు విడుదలైంది, అభిమానులు సత్తు గంగాళాన్ని చూసి మురిసిపోయారు.

మూడు నెలల తరవాత గురుబారి ఫోన్ చేసింది. ఆ ముక్క తన ఫోనుకి పంపమంది. ఎవరో చెప్పిన గొంతు కదా, ఎందుకని అడిగాను.

"అమ్మ గొంతు నాకు ఎరిక లేదేటమ్మా? నువ్వు అబద్ధమాడినావని ఆ పొద్దే ఎరిక. మద్రాసోలికి మా వదిన పేరెవులు సెప్పినారు?"

మరి పిల్లని ఎందుకు పంపావని అడిగాను.

"ఇంటికాడ కూకోబెట్టేస్తే ఆ వరస మారిపోద్దేటి? గుంట నవ్వుకుంటా ఎల్లాలనుకుంది. ఎల్లనిచ్చినాను. నేను నమ్మేసినాననే అనుకోనీ. దానికి సెప్పకు."

ఆ ముక్క పంపాను. చివరి పన్నెండు సెకన్లు కోసేసి, నాలుగో పేరు దగ్గర ఆపి పంపాను. పాత సినిమాలో ఒక్క ఫ్రేము తగ్గినా గొడవపడే మనిషిని నేను. ఎందుకు ఆపావని ఆవిడ అడగలేదు.

సుక్రికి తెలిసే పిలిచిందా, కోడలి పేరూ మనవరాలి పేరూ ఆమె నోటికి ఎక్కడి నుంచి వచ్చాయి, నాకు తెలియదు. యాదృచ్ఛికమని నాకు నేను చెప్పుకున్న రోజులున్నాయి, నిలబడలేదు. దివ్య ఇప్పుడు రెండో ఏడు చదువుతోంది. ఆరోగ్యంగా ఉంది, కాస్త లావయింది కూడా. ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వస్తుంది. వచ్చినప్పుడల్లా ఏదో ఒక సందులో అడుగుతుంది, "అమ్మ ఆ రోజు మీ మాట నమ్మేసింది కదా ఆంటీ?" అని.

నమ్మేసిందనే చెబుతున్నాను. తిరిగి వెళ్ళేటప్పుడు హాస్టలు చేరగానే ఫోన్ చెయ్యమంటాను. ఆ ఫోను వచ్చేదాకా నాకు ఏ పనీ సాగదు.