మేజోళ్లలో కారం

నాలుగో పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం మూడున్నర. చైనా యుద్ధం అయిన మరుసటి ఏడు, అక్టోబరు నెల. లారీ కిందే ఆగిపోయింది. అక్కణ్ణుంచి రెండు రోజుల నడక. పద్నాలుగు వేల అడుగుల ఎత్తని చెప్పారు. ఎత్తు సంగతి నాకు తెలియలేదు గాని, పది అడుగులు వేస్తే ఆగి ఊపిరి పీల్చుకోవాల్సి వచ్చేది. చెట్టు లేదు. గడ్డి లేదు. రాళ్లూ గాలీ. నాలుగు బంకర్లు, ఒక డేరా, ఇరవై రెండు మంది. నా వీపున రైఫిలు, మూడు దుప్పట్లు, రెండు జతల ఉన్ని మేజోళ్లు, మా అమ్మ దంచి మూట కట్టిన కారం.

మాది చిలకలూరిపేటకు ఆరు మైళ్ల దూరంలో పల్లెటూరు. నల్లరేగడి నేల. పత్తి, మిరప. వేసవిలో ఎండలు నిప్పులు చెరుగుతాయి. అక్కడ పుట్టినవాణ్ణి మంచులోకి పంపాలన్నది ఎవరి ఆలోచనో గాని, ఆయన మాత్రం మంచు చూసి ఉండడు.

పోస్టులో నాకంటే ముందే మా ఊరివాడు ఒకడున్నాడు. కోటయ్య. ఇద్దరం గుంటూరులో ఒకేరోజు సైన్యంలో చేరాం. నన్ను చూడగానే బంకర్‌లోంచి తల బయటపెట్టి అరిచాడు.

"ఒరేయ్ సాంబా! వచ్చావా? నా నీళ్ల వంతు ఇవ్వాళ నువ్వు తీసుకోరా, పుణ్యముంటది!"

అబద్ధమెందుకు, కోటయ్య పనిదొంగ. నీళ్లు తేవాలంటే ఆరువందల గజాలు దిగి వాగు దగ్గరికి పోవాలి. మంచు పగలగొట్టి, ఇరవై లీటర్ల డబ్బా నింపి, వీపున వేసుకుని ఎక్కి రావాలి. వంతు వచ్చిన రోజు వాడికి కడుపునొప్పి. కందకం తవ్వే రోజు నడుం నొప్పి. ఖాళీ గోతాల కింద దూరి నిద్రపోయేవాడు. అయినా వాణ్ణి చూస్తే ఎవరికీ కోపం వచ్చేది కాదు. ఆ చలిలో మమ్మల్ని నవ్వించినవాడు వాడొక్కడే.

డిసెంబరులో కింది క్యాంపుకు సినిమా వచ్చింది. మెషినూ జనరేటరూ కంచరగాడిదల మీద తెచ్చారు. మా పోస్టు నుంచి పదకొండు మందికి అనుమతి. మధ్యాహ్నం రెండు గంటలకు డేరాకు చుట్టూ దుప్పట్లు కట్టి చీకటి చేసి, తెల్లదుప్పటి మీద బొమ్మ వేశారు. ఎప్పటిదో పాత హిందీ సినిమా. సోమరి సిపాయిల కథ. అందులో ఒకడు కవాతు తప్పించుకోవడానికి కాలు విరిగినట్టు కుంటుతాడు. కాసేపటికి ఏ కాలు కుంటుతున్నాడో మరిచిపోయి రెండో కాలు కుంటుతాడు. డేరా అంతా ఒకటే నవ్వు. కోటయ్య నా భుజం మీద పడి నవ్వాడు.

తిరుగుదారిలో మూడు మైళ్లూ ఆ సినిమా మీదే వాదన.

"సిపాయిల్ని కోతుల్ని చేశారు. దీన్ని చూసిన జనం మనల్ని చూసి ఏమనుకుంటారు?" అన్నాడు హవల్దారు. ఆయన ఒక్కసారి కూడా నవ్వలేదు.

"ఏమనుకుంటే ఏముంది సాబ్! రెండు గంటలు చలి మర్చిపోయాను" అన్నాడు వంటవాడు.

వైర్‌లెస్ ఆపరేటరు పెదవి విరిచాడు. "ఆ సిపాయి ఉత్త బనీనుతో ఆరుబయట పడుకున్నాడు. అది తీసినవాణ్ణి ఒక్క పూట ఇక్కడ ఉంచాలి."

కోటయ్యది వేరే లెక్క. "నా మీద ఇంతవరకు ఎవడూ సినిమా తియ్యలేదురా. ఇన్నాళ్లకు తీశారు" అని నాతో తెలుగులో అన్నాడు. ఆ మాట నేను హిందీలో అందరికీ చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

జనవరి. రాత్రి కురిసిన మంచు మధ్యాహ్నానికి కూడా కరగడం లేదు. కాళ్లకు స్పర్శ పోయేది. ఇప్పుడు అసలు సంగతి చెప్తాను. మా ఊళ్లో మిరపకాయలు కళ్లంలో పరిచాక కాళ్లతోనే తిప్పుతాం. ఉత్త కాళ్లు ఈడ్చుకుంటూ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిస్తే కిందవి పైకి వస్తాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ కారంలో నడిచిన కాళ్లు మావి. కారం మమ్మల్నేం చేస్తుందన్న ధీమా.

ఆ ధీమాతోనే కోటయ్యతో అన్నాను. "రెండు చెంచాల కారం మేజోళ్లలో వేసుకోరా. వేడి పుడుతుంది. ముందు నువ్వు వేసి చూడు, బాగుంటే నేనూ వేసుకుంటా."

మొదటి రోజు బ్రహ్మాండంగా ఉందన్నాడు. రెండో రోజు వాగు దగ్గర వాడి కాలు జారి కుడి బూటులోకి నీళ్లు పోయాయి. పొడి కాలికి కారం ఒక లెక్క, తడి ఉన్నిలో నానిన కారం ఇంకో లెక్క. అది మా ఇద్దరికీ తట్టలేదు. సాయంత్రానికి కోటయ్య కుంటుతూ హవల్దారు ముందు నిలబడ్డాడు.

"సాబ్, కాళ్లు మండుతున్నాయి."

హవల్దారు ఎగాదిగా చూశాడు. "సినిమాలో చూసి నేర్చుకున్నావా? రేపు ఏ కాలు కుంటుతావు?"

బంకరంతా నవ్వింది. నేనూ నవ్వాను. బూటు విప్పి చూపించమని ఎవరూ అనలేదు. అందరిలోకీ ఆ మాట అనాల్సినవాణ్ణి నేనే. కారం మాట బయటపడితే నాకూ శిక్ష తప్పదని నోరు మూసుకున్నాను.

శిక్షగా నాలుగు రోజులు వరసగా నీళ్ల పని వాడికే వేశారు. ఉదయం ఆరుకు ఒకసారి, పదకొండుకు ఒకసారి. ఒక్క పూట కూడా ఎగ్గొట్టలేదు. ఐదో రోజు ఆ బూటు కాలి నుంచి ఊడి రాలేదు. వంటవాడు కత్తితో కోశాడు. పొక్కులు చితికి, ఆ తడి గడ్డకట్టి, కుడికాలి వేళ్లు ఐదూ నల్లబడి ఉన్నాయి. మేజోడులో ఎర్రటి ముద్ద.

వైర్‌లెస్ ఆపరేటరు కింది క్యాంపును పిలిచాడు.

"నాలుగో పోస్టు. ఒక మనిషిని దించాలి. ఓవర్."

"గాయమా, జబ్బా? ఓవర్."

ఆపరేటరు హవల్దారు వైపు చూసి చెప్పాడు. "కారం. ఓవర్."

కొంతసేపు గరగర. "మళ్లీ చెప్పు. ఓవర్."

ఈసారి ఎవరూ నవ్వలేదు. హవల్దారు ముఖం పాలిపోయింది. "ఎవరిచ్చారు నీకు కారం?" అని అడిగాడు. నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. కోటయ్య నా వైపు చూడనైనా చూడలేదు.

"ఇంటి దగ్గర నుంచి నేనే తెచ్చుకున్నా సాబ్."

డ్యూటీ తప్పించుకోవడానికి కావాలని చేసుకున్న గాయమని కాగితాల మీద రాశారు. వేళ్లు తీసేశారు. వాణ్ణి ఇంటికి పంపేశారు. నేను మరో ఏడాది అక్కడే ఉన్నాను. మా అమ్మ కారం మళ్లీ పంపింది. మూట విప్పలేదు.

మాఘమాసంలో సెలవు మీద ఊరికి వచ్చాను. కాగితాల్లో రాసిన సంగతి ఊరిదాకా పాకి, కోటయ్యకు పేరే మారిపోయింది. సినిమా సిపాయి. మంచులో మేం చూసిన ఆ పాత బొమ్మే అంతకు నెల ముందు మా ఊరి టూరింగ్ టాకీసులో ఆడిందట. పనిగట్టుకుని మళ్లీ తెచ్చారు. నేనూ మొదటి ఆటకు వెళ్లాను. హిందీ రానివాళ్ల కోసం దర్జీ మస్తాన్ మైకు పట్టుకుని మాటలన్నీ తెలుగులో చెప్పేవాడు. కోటయ్య నేల మీద ఇసుకలో, కర్ర పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. వాళ్ల నాన్న వెనక గుంజ దగ్గర నిలబడ్డాడు. కుంటి నడక సీను రాగానే జనం తెర వదిలేసి కోటయ్య వైపు తిరిగి ఈలలేశారు. వాడు కూడా నవ్వాడు.

ఇంటర్వెల్లో మళ్లీ వాదన.

"ఇది మిలిటరీకే అవమానం" అన్నారు బడి మాస్టారు.

"ఊరుకోండి మాస్టారూ, నవ్వుకోడానికొచ్చాం, పాఠం చెప్పించుకోడానికా!" అన్నాడు మస్తాన్.

సోడాలమ్మే అంకమ్మ మాత్రం, "పాపం, ఆ చలికి ఏ బిడ్డ మాత్రం పని చేస్తాడయ్యా" అంది.

మాస్టారు నా వైపు తిరిగారు. "ఏమయ్యా సాంబయ్యా, నువ్వు చూసినవాడివి. మన కోటయ్య అక్కడ ఇట్టాగే చేశాడా, లేదా?"

గుంజ దగ్గర నుంచి వాళ్ల నాన్న నా నోటి వంకే చూస్తున్నాడు. ఏడాది నుంచీ ఆయన కచేరీ చావిడి వైపు రావడం మానేశాడని మా అమ్మ చెప్పింది. ఆ చూపు చూశాక ఇక ఆగలేకపోయాను.

"లేదండీ. ఆ కారం నాది. వేసుకోమన్నదీ నేనే. ఆ కాళ్లతో వాడు నాలుగు రోజులు మాకందరికీ నీళ్లు మోశాడు. నా పేరు బయటికొస్తుందని తప్పు తన మీద వేసుకున్నాడు."

వాళ్ల నాన్న గుంజ వదిలి నా ముందుకొచ్చాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది.

"ఇన్నాళ్లకా అబ్బాయ్" అన్నాడు. అంతే. కొడుకు పక్కన ఇసుకలో కూలబడ్డాడు. తర్వాత సగం సినిమాలో ఎవరూ ఈల వెయ్యలేదు. మస్తాన్ మైకు పట్టుకోలేదు.

పొద్దున్నే కళ్లానికి వెళ్లాను. కోటయ్య మిరపకాయలు తిప్పుతున్నాడు.

"ఎందుకు చెప్పావురా నిన్న? హాయిగా బొమ్మ చూడనివ్వకుండా!" అన్నాడు.

"నువ్వెందుకు చెప్పలేదు అప్పుడు?"

"చెప్తే ఇద్దరం పోయేవాళ్లం. జీవితంలో బద్ధకించకుండా చేసింది అదొక్కటే పని. దాన్ని కూడా చెడగొట్టావు."

నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. చెప్పులు విప్పి వాడి పక్కన నడిచాను. ఆ తర్వాత పదేళ్లు ఉద్యోగం చేశాను, పతకం కూడా ఒకటిచ్చారు. అది ఏ పెట్టెలో ఉందో అడిగితే చెప్పలేను. ఆ పొద్దుటి కళ్లం మాత్రం కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది. ఎర్రటి కాయల మధ్య వాడి ఎడమ కాలు చేసిన గీత తిన్నగా పోతోంది. దాని పక్కనే వేళ్లు లేని కుడికాలు, కాయల్ని తిప్పలేక, నలుపుకుంటూ పోయిన జాడ.